శివయ్యను ఎవరడిగారు?

'స్వాతిముత్యం' (1986) మళ్ళీ చూశాను. శివయ్య ఉద్యోగం కోసం ఒకాయన వెంటపడే ఘట్టానికి అందరం నవ్వుతాం. ఆ ఉద్యోగం అతనికి ఇష్టమేనా అని మాత్రం ఎవరూ అడగరు, లలిత కూడా. తనంతట తాను తీసుకున్న పెద్ద నిర్ణయం గుళ్ళో తాళి కట్టడం. దాన్ని మనం అమాయకత్వం ఖాతాలో వేసేశాం. (అక్కడ లలితనీ ఎవరూ అడగలేదు. అదీ ఇదీ ఒకటే గొడవ.)

అంతకు రెండేళ్ళ ముందే, 1984లో, సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఎంహెచ్ వచ్చింది. ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మేధో వైకల్యం ఉన్న ఒక్కొక్క బిడ్డకూ విడిగా ప్రణాళిక వేసుకోవడానికి వాళ్ళ ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టు టీచర్లకు దారి చూపింది. చిన్న పనేం కాదు. కానీ అది కొలిచేది ఏం చేయగలరన్నది: తినడం, బొత్తాలు పెట్టుకోవడం, డబ్బు లెక్కపెట్టడం. ఏం కావాలన్నది వేరే ప్రశ్న. మా ఆఫీసు భాషలో, టెస్టులన్నీ పాసయినా యూజర్‌ని అడక్కుండా కట్టిన ప్రాడక్టు.

2016 వికలాంగుల హక్కుల చట్టం, 14వ సెక్షన్, సంరక్షకులు ఆ మనిషితో కలిసి నిర్ణయించాలంటుంది. కందుకూరు నుంచి నగరమంతా దాటి బోయినపల్లి వెళ్ళే అమ్మకి ఇది ఎవరు చెప్తారు? మాటలు రాని కొడుకు ఏ చొక్కా తోసేస్తాడో, ఎవరొస్తే నవ్వుతాడో ఆవిడకి తెలుసు. ప్లాన్ మొదటి పేజీలో ఉండాల్సింది అదే. లలిత దగ్గరా అలాంటి లెక్క ఉండే ఉంటుంది. విశ్వనాథ్ గారు మనకు చూపించలేదు.