కాలం లెక్క తప్పని లోకం

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అనే ఆటలో నలుగురైదుగురు ఆటగాళ్లు ఒక బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్రను చేపట్టి, ఆ పాత్ర ఏం చేయదలచిందో మాటల్లో చెబుతారు; ఆ పనికి చుట్టూ ఉన్న లోకం ఎలా స్పందించిందో రిఫరీ లేక గేమ్ మాస్టర్ అనే మరొకరు చెబుతారు; ఫలితం ఎటైనా పోగల సందర్భంలో పాచికలు తీర్పునిస్తాయి. ఒకే లోకంలో, ఒకే రిఫరీ నిర్వహణలో నెలలు, ఏళ్లు సాగే ఇలాంటి ఆటల పరంపరకు క్యాంపెయిన్ అని పేరు. అచ్చులో దొరికే లోకాన్ని కొని వాడకుండా పటాలు, ఊళ్లు, దేవతలు, శత్రువులు అన్నింటినీ రిఫరీయే కల్పించుకుంటే అది హోమ్‌బ్రూ క్యాంపెయిన్ అవుతుంది. అందులోనూ 1970ల నాటి, 1980ల తొలి ఏళ్ల నాటి నియమాలను, అలవాట్లను అనుసరించే పద్ధతిని ఓల్డ్ స్కూల్ అంటారు. ఈ పద్ధతిలో రిఫరీ కథను ముందే రాసుకోరు. ఆటగాళ్లు ఏ దారి పట్టినా నిజాయితీగా బదులు చెప్పగలిగేలా పరిస్థితులను మాత్రం సిద్ధం చేసి ఉంచుతారు. బయటి నుంచి చూసేవారికి ఈ విద్యకు మూలం ఊహాశక్తి అనిపిస్తుంది గానీ, దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టేది కరణం దస్త్రం లాంటి లెక్కల పుస్తకం.

ఈ మాటకు ఆధారం ఆట పుట్టుకలోనే ఉంది. అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో చిన్న సైనిక బొమ్మలతో యుద్ధక్రీడలు ఆడే బృందంలో డేవిడ్ వెస్లీ 1969లో బ్రాన్‌స్టైన్ అనే ఆటను నడిపి, సేనలకు బదులు ఒక్కొక్క వ్యక్తి పాత్రను ఆటగాళ్లకు అప్పగించారు. అదే బృందానికి చెందిన డేవ్ ఆర్నెసన్ 1971లో బ్లాక్‌మూర్ అనే సొంత లోకాన్ని మొదలుపెట్టి, ఒక కోటను, దాని కింద అంతస్తులుగా దిగే నేలమాళిగలను గీసి ఆటగాళ్లను అందులోకి దింపారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్ 1972లో ఆ ఆటను చూసి గ్రేహాక్ అనే మరో కోటను కల్పించుకున్నారు. ఇద్దరి కృషీ కలిసి 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టెగా, వెయ్యి ప్రతులతో, డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో వెలువడింది. అచ్చయిన ఆట కన్నా ముందే సొంత లోకాలు ఉన్నాయన్నమాట. కొన్నవారు ఎవరి నేలమాళిగను వారే గీసుకుంటారన్న నమ్మకంతోనే ఆ పుస్తకాల్లో లోకవర్ణన దాదాపు లేకుండా వదిలేశారు. బయలు ప్రదేశాల్లో ప్రయాణాల కోసమైతే అవలాన్ హిల్ సంస్థ అమ్మే అవుట్‌డోర్ సర్వైవల్ అనే వేరే ఆట బోర్డును తెచ్చుకొమ్మని సూచించారు.

బ్లాక్‌మూర్‌లో జరిగిన ఒక పరిణామం ఈ పద్ధతి స్వభావాన్ని మరే వివరణా చూపలేనంత స్పష్టంగా చూపుతుంది. ఆటగాళ్లు నేలమాళిగల్లో నిధుల వేటలో మునిగిపోయి కోట రక్షణను పట్టించుకోకపోవడంతో శత్రుపక్షం వచ్చి కోటను ఆక్రమించింది. వీరులు లాక్ గ్లూమెన్ అనే చోటికి బహిష్కృతులై వెళ్లవలసి వచ్చింది. కథను ముందే రాసుకున్న నిర్వాహకుడైతే తన ప్రధాన రంగస్థలాన్ని ఇలా చేజారనిచ్చేవాడు కాదు, వీరులు తిరిగొచ్చే దాకా శత్రువును పొలిమేరలో ఆపి ఉంచేవాడు. ఆర్నెసన్ ఆపలేదు, ఎందుకంటే వీరులు భూమి కింద గడిపిన రోజులే శత్రువుకూ గడిచాయి. గైగాక్స్ 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో, కాలం లెక్క కచ్చితంగా రాయని క్యాంపెయిన్‌కు అర్థమే ఉండదన్న హెచ్చరికను పెద్దక్షరాల్లో అచ్చు వేయించడం వెనక ఉన్నదీ ఈ అవగాహనే. ఆట లేని రోజుల్లో బయట ఒక రోజు గడిస్తే లోకంలోనూ ఒక రోజు గడిచినట్టు లెక్కించాలని ఆయన చెప్పారు. ఈ లెక్క ఉన్నప్పుడే గాయపడిన పాత్ర మంచం పట్టిన వారం రోజులకు బరువు ఉంటుంది, ఆ వారంలో మరో బృందం అదే సమాధిని తవ్వుకుపోయే అవకాశమూ ఉంటుంది.

నేలమాళిగ లోపల లెక్క మరింత సూక్ష్మంగా సాగుతుంది. టామ్ మోల్డ్‌వే 1981లో కూర్చిన బేసిక్ నియమాల్లో కాలాన్ని పది నిమిషాల టర్నులుగా కొలుస్తారు. బరువేమీ మోయని మనిషి చీకట్లో జాగ్రత్తగా చూసుకుంటూ, పటం గీసుకుంటూ ఒక టర్నులో 120 అడుగులు నడుస్తాడు. ఐదు టర్నులు తిరిగాక ఒక టర్ను విశ్రాంతి తీసుకోవాలి. కాగడా ఆరు టర్నులకు, లాంతరులో ఒకసారి పోసిన నూనె 24 టర్నులకు అయిపోతాయి. రెండు టర్నులకొకసారి రిఫరీ ఆరు ముఖాల పాచిక వేస్తారు, ఒకటి పడితే ఆ దారుల్లో సంచరించే ప్రాణి ఏదో ఎదురవుతుంది. గంటకు మూడుసార్లు వేసే ఆ పాచికలో కనీసం ఒక్కసారైనా ఒకటి పడే అవకాశం సుమారు 42 శాతం. లోపల రెండు గంటలుంటే అది 66 శాతం దాటుతుంది. ఈ సంగతి ఎరిగిన ఆటగాళ్లకు, గోడలో రహస్యద్వారం ఉందేమోనని ఇంకో పది నిమిషాలు తడిమి చూడాలా, చేతిలో మిగిలిన రెండు కాగడాలతో వెనుదిరగాలా అన్నది నిజమైన సందిగ్ధం అవుతుంది. విసుగు పుట్టిస్తుందని ఈ లెక్కను వదిలేసే బృందాలు చాలా ఉన్నాయి గానీ, వదిలేసిన మరుక్షణం వెతకడానికి ఖర్చంటూ ఉండదు, కాబట్టి అందరూ ప్రతి గోడనూ వెతుకుతారు, అప్పుడు విసుగు నిజంగానే మొదలవుతుంది. టర్నులకు గళ్లు గీసిన చిన్న కాగితం, ప్రతి టర్నుకూ ఒక గీత, ఇంతకు మించి శ్రమ లేని ఈ పనిని మొదటి రోజు నుంచే అలవాటు చేసుకున్న రిఫరీకి భయాన్ని వర్ణించవలసిన అవసరం చాలా తక్కువగా వస్తుంది.

కాలంతో పాటు లెక్కలోకి వచ్చేవి బంగారం, బరువు. పాత్ర సామర్థ్యం లెవెల్ అనే మెట్లుగా పెరుగుతుంది, మెట్టెక్కడానికి ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు కావాలి, పాత నియమాల్లో అవి ప్రధానంగా వచ్చేది సురక్షితంగా బయటికి తెచ్చిన సంపద నుంచి: ఒక బంగారు నాణెం విలువకు ఒక పాయింటు. ఆర్క్ అనే సాధారణ శత్రుప్రాణిని చంపితే మొత్తం బృందానికి వచ్చేవి పది పాయింట్లే కాగా, నిద్రపోతున్న అదే ఆర్క్ తలగడ కింది నుంచి వంద నాణేల విలువ చేసే రత్నాన్ని చప్పుడు కాకుండా తీసుకొస్తే వంద వస్తాయి. పోరాటాన్ని తప్పించుకోవడమే తెలివైన పని అని ఎవరూ ఉపన్యసించకుండానే ఈ ఒక్క నియమం బోధిస్తుంది. ఫైటర్ అనే యోధుడి పాత్ర రెండో లెవెల్ చేరడానికి 2,000 పాయింట్లు కావాలి. ఒక మనిషి మోయగల గరిష్ఠ భారమేమో 1,600 నాణేల బరువు, ఆ లెక్కలో పది నాణేలు ఒక పౌను. అంటే ఒక్కడు తన లెవెల్‌కు సరిపడే బంగారాన్ని ఒక్కసారిగా భుజాన వేసుకుని రాలేడు. కూలీలు కావాలి, కంచరగాడిద కావాలి, వాటిని కాపలా కాసే మనుషులు కావాలి, వారికి జీతాలివ్వాలి, వారిని మంచిగా చూసుకోవాలి. రిఫరీ ఒక్క సన్నివేశమైనా రాయకముందే ఒక యాత్ర, దానికో ఆర్థికవ్యవస్థ, దానిలో నమ్మకాలు, ద్రోహాలు ఏర్పడిపోతాయి. తర్వాతి కాలపు ఆటలు బంగారానికి బదులు రిఫరీ మెచ్చిన ఘట్టాలకు పాయింట్లివ్వడం మొదలుపెట్టడంతో ఆటగాళ్ల చూపు లోకం మీది నుంచి రిఫరీ ముఖం మీదికి మళ్లింది. ఓల్డ్ స్కూల్ పద్ధతి పోగొట్టుకోరాదని పట్టుబట్టవలసిన మొదటి విషయం ఇదే.

ఎదురైన ప్రతి ప్రాణీ కత్తి దూయదన్నది పాత నియమాల్లోని మరో సొగసు. ఎదురుపడినప్పుడు రిఫరీ రెండు ఆరుముఖాల పాచికలు వేసి ఆ ప్రాణి మనస్థితిని తెలుసుకుంటారు: రెండు పడితే వెంటనే దాడి, పన్నెండు పడితే స్నేహం, మధ్యలో వైరానికీ తటస్థతకూ రకరకాల స్థాయిలు. మొత్తం 36 కూర్పుల్లో వెంటనే దాడికి దారితీసేది ఒక్కటే కాగా, ఆరు నుంచి ఎనిమిది వరకు పడి ఏదీ తేలని స్థితి మిగిల్చేవి పదహారు. ఆ పదహారింటిలోనే సంభాషణ పుడుతుంది, కప్పం పుడుతుంది, ఒప్పందం పుడుతుంది. యుద్ధం మొదలయ్యాక కూడా మొరేల్ అనే ధైర్యపరీక్ష ఉంటుంది. తమలో ఒకరు పడిపోయినప్పుడు, సగం మంది పడిపోయినప్పుడు పాచికలు వేసి, వచ్చిన అంకె ఆ జాతికి రాసిన ధైర్యాంకాన్ని మించితే వారు పారిపోతారు లేదా లొంగిపోతారు. గాబ్లిన్‌లనే చిన్న శత్రుజాతికి ఆ అంకె ఏడు, భయమెరుగని అస్థిపంజరాలకు పన్నెండు. ఈ పాచికలను బల్ల మీద అందరికీ కనిపించేలా వేయడం మంచిది. తెరచాటున వేసి, ఇష్టమైన పాత్రను కాపాడాలనో ఘట్టాన్ని రక్తి కట్టించాలనో అంకె మార్చి చెప్పే అలవాటు దయగానే కనిపిస్తుంది గానీ, ఆటగాళ్లు తమ తెలివితో సాధించిన గెలుపును కూడా అది రహస్యంగా లాక్కుంటుంది. ఏ గెలుపు తమదో వారికి ఎన్నటికీ తెలియదు.

సొంత లోకం కల్పించుకోవాలనుకునేవారిలో చాలామంది ఖండాల పటాలతో, వేల ఏళ్ల రాజవంశ చరిత్రతో మొదలుపెట్టి, ఆట మొదలయ్యేలోపే అలసిపోతారు. ఒక ఊరు, దానికి ఒక రోజు నడక దూరంలో రెండు మూడు అంతస్తుల నేలమాళిగ, చుట్టూ ఆరు మైళ్ల షట్కోణ గళ్లుగా విభజించిన కొద్దిపాటి భూభాగం, ఆ ఊళ్లో వినిపించే పది పన్నెండు పుకార్లు, వాటిలో కొన్ని అబద్ధాలు: మొదటి నెలలకు ఇంతకన్నా అక్కరలేదు. పాశ్చాత్య పుస్తకాల్లో ఈ పుకార్లు సారాయి అంగడిలో దొరుకుతాయి. తెలుగు కథల్లో పెరిగిన రిఫరీకి ఆ అంగడిని అరువు తెచ్చుకోవలసిన పని లేదు, ఊరికొచ్చిన బాటసారికి వండి పెట్టి రాజ్యంలోని సంగతులన్నీ చెప్పే పేదరాశి పెద్దమ్మ ఉండనే ఉంది. బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు ప్రాణం దూరాన ఒక చిలుకలో దాగి ఉండడం కూడా ఈ ఆటకు అచ్చంగా సరిపోయే ఏర్పాటు: ఏ కత్తికీ చావని శత్రువు, పాత్ర వివరాల కాగితంలో ఎక్కడా లేని పరిష్కారం, వెతికి పట్టుకోవలసిన ఒక్క రహస్యం. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షసుడనే ప్రాణి పులితలతో దర్శనమిస్తుంది, మంత్రించిన బాణానికి చస్తుంది. ఆ బొమ్మకు ఎంత పేరొచ్చినా, కామరూపులూ వరబలగర్వితులూ తపస్సంపన్నులూ అయిన రాక్షసులను పురాణాల్లో ఎరిగినవారు దాన్ని పక్కన పెట్టి తమ రాక్షసుణ్ణి తామే రాసుకోవచ్చు, రాసుకోవాలి కూడా. సొంత లోకం కల్పించుకునే స్వేచ్ఛ ఉన్నదే ఇందుకు.

నియమాల్లో లేని ప్రశ్న ఎదురైనప్పుడు అక్కడికక్కడే రిఫరీ ఇచ్చే తీర్పును రూలింగ్ అంటారు. ఈ మాటకు పేరు తెచ్చింది పాత ఆటల పునరుజ్జీవనం. 2000లో విడుదలైన, నియమాలను ఇతరులూ వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్ ఆసరాతో పాత నియమాలు 2006లో ఓస్రిక్‌గా, 2008లో స్వోర్డ్స్ అండ్ విజార్డ్రీగా, 2019లో ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్‌గా మళ్లీ అచ్చయి కొత్త తరానికి అందాయి. ఈ పునరుజ్జీవనంలో చాలా పేరొందిన ఒక చిన్న వ్యాసంలో మ్యాట్ ఫించ్ నియమాల కన్నా తీర్పులే ముఖ్యమన్న సూత్రాన్ని ముందుంచారు. సూత్రం సరైనదే గానీ, దాన్ని పట్టుకుని ఏ రోజుకారోజు తోచినట్టు తీర్పులివ్వడం అన్యాయం. నూనె పోసి మెట్లను జారేలా చేసిన ఆటగాడికి ఈ వారం ఫలించిన ఉపాయం వచ్చే నెల మరో ఆటగాడికీ అదే షరతులతో ఫలించాలి. కాబట్టి ఇచ్చిన ప్రతి తీర్పునూ తేదీతో సహా దస్త్రంలో రాసుకోవాలి. రెండేళ్లకు ఆ పుటలే ఆ లోకపు ధర్మశాస్త్రం అవుతాయి, ఆటగాళ్లు అందులోంచి పూర్వతీర్పులను ఉదాహరించి వాదించడం మొదలుపెడితే క్యాంపెయిన్ బాగా నడుస్తున్నట్టే.

ఉద్యోగాలు, పిల్లలు ఉన్న పెద్దలకు ప్రతివారం అందరూ ఒకచోట చేరడం కుదరదన్న చిక్కుకు బెన్ రాబిన్స్ వెస్ట్ మార్చెస్ అనే తన క్యాంపెయిన్‌తో మంచి దారి చూపారు. అక్కడ స్థిరమైన బృందం లేదు, స్థిరమైన వారం లేదు. ఏ రోజు ఎవరెవరు ఎక్కడికి వెళ్లాలో ఆటగాళ్లే నిర్ణయించుకుని రిఫరీకి చెబుతారు, ఆట ముగిసేసరికి అందరూ ఊరికి తిరిగి చేరుకోవాలి, ఊరికి దూరమైనకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఇలాంటి చోట రిఫరీ అసలు పని ఒక ఆటకూ ఇంకో ఆటకూ మధ్య జరుగుతుంది. ఏ గది ఖాళీ అయింది, ఏ తలుపు తెరిచి వదిలేశారు, పారిపోయిన గాబ్లిన్‌లు ఎవరి అండ చేరారు, నాయకుడు చచ్చిన గుహను ఇప్పుడు ఎవరు ఆక్రమించుకుంటారు అని ఒక్కొక్కటే దస్త్రంలో సరిచూసుకుంటూ, తేదీలు వేసుకుంటూ పటాన్ని తిరగరాయాలి. ఒకటో అంతస్తులో మిగిలిన శవాలను తినడానికి కింది అంతస్తు నుంచి ఏవో పైకి వస్తాయి. తెరిచిన సమాధి వార్త పక్క ఊరి దొంగలకు చేరుతుంది. జీతం అందని కూలీ ఆ వార్తను అమ్ముకుంటాడు. మూడు వారాల తర్వాత వేరే ఆటగాళ్లు అవే మెట్లు దిగినప్పుడు గోడ మీద పాత బృందం సుద్దముక్కతో గీసిన బాణపుగుర్తులు అలాగే ఉంటాయి, వాటిలో ఒకదాన్ని మాత్రం ఎవరో చెరిపి ఎదుటి దిక్కుకు తిప్పి గీసి ఉంటారు.