చోడి చేను ఎందుకు నిలవాలంటే

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పైరుకు మేలేగా, దాని తిండే అది కదా అనే వాదన తరచూ వినిపిస్తోంది. అందులో నిజం లేకపోలేదు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. దీన్ని పట్టుకోవాల్సిన ఎంజైము వరి ఆకులో ఎండ ముదిరేకొద్దీ ఆక్సిజన్‌ను కూడా పట్టుకుని, చేసిన పనిలో కొంత వృథా చేసుకుంటుంది. వాయువు పెరిగితే ఆ వృథా తగ్గుతుంది. జపాన్, చైనాల్లో ఆరుబయట పొలాల మీదికి దీన్ని అదనంగా వదిలి చూసినప్పుడు వరి దిగుబడి పెరిగింది కూడా. అంతమాత్రాన శ్రీకాకుళం, విజయనగరం రైతు ధీమాగా ఉండొచ్చా? ఉండకూడదనే నేనంటాను.

ఆ పొలాల్లోనే 570-590 పాళ్ల గాలిలో పండించిన 18 వరి రకాల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. గింజలో మాంసకృత్తులు సగటున 10 శాతం, ఇనుము 8 శాతం, జింకు 5 శాతం తగ్గాయి. గాదె నిండుతుంది గానీ కంచంలో సత్తువ తగ్గుతుంది. రెండు పూటలా అన్నం మీదే బతికే కూలి ఇంటికి ఇది చిన్న లోటు కాదు. పైగా వాయువు ఎక్కువైతే ఆకు రంధ్రాలు కొంత మూసుకుంటాయి. నీరు ఆదా అవుతుంది, కానీ చెమట పట్టని ఒంటిలా పైరు వేడెక్కుతుంది. పూత వేళ వేడి 35 డిగ్రీలు దాటితే తాలు పెరుగుతుంది. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిపోతుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు 2004లోనే చూపాయి. ఇక వంశధార, నాగావళి కాలువల శివారు భూముల్లో ఉభాలకే నీరందకపోతే గాలిలో ఎంత తిండి ఉండి ఏం లాభం?

చోడి (రాగి) దారి వేరు. దాని ఆకు కార్బన్‌ను లోపలే కూడబెట్టి ఎంజైముకు అందిస్తుంది. అందువల్ల గాలిలో వాయువు పెరిగినా దిగుబడి పెద్దగా పెరగదు. ఇది చోడికి లోపమే కదా అంటే, ఒక లెక్కన అవును. కానీ ఇదే తరహా పైర్లయిన జొన్న, మొక్కజొన్నల గింజలో ఖనిజాలు వరిలో తగ్గినంతగా తగ్గలేదు. మెట్టలో, బెట్టలో నిలిచేదీ చోడే. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం తెచ్చిన వేగావతి రకంలో కిలో గింజకు సుమారు 130 మిల్లీగ్రాముల ఇనుముంది. మామూలు రకాల్లో అది 25 దగ్గరే. రేషన్‌లో పోషకాలు కలిపిన బియ్యం ఇస్తూ వచ్చారుగా అనొచ్చు. అందులో తప్పనిసరిగా కలిపేవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 మాత్రమే. తగ్గిన మాంసకృత్తులను ఆ బియ్యం తిరిగివ్వలేదు.

గిట్టుబాటు మాటేమిటన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు చోడికి 4,886 రూపాయలు, సాధారణ రకం ధాన్యానికి 2,369. కాగితం మీది ఆ ధర రైతు చేతికి అందాలంటే ధాన్యానికి తెరిచినట్టే చోడికీ కొనుగోలు కేంద్రాలు తెరవాలి, కొన్న చోడిని ఈ జిల్లాల అంగన్‌వాడీలకే పంపాలి. అందాకా మెట్ట ఉన్న రైతులు ఒక్క చెక్కలోనైనా చోడిని నిలుపుకోవాలని నా మనవి.