పాత చాసీ మీద కొత్త బాడీ

ఆత్మకూరు మీదుగా పోయే నెల్లూరు–ముంబై రోడ్డు పక్కన పాత లారీ ఏదైనా ఆగి ఉంటే, చూసేవాళ్ల కళ్లు ముందు క్యాబిన్ మీద, తర్వాత వెనక డోరు మీది రాతల మీద నిలుస్తాయి. నేను వంగి కిందికి చూస్తాను. టైర్లకు పైన, బాడీకి అడుగున, చాసీ ఇనుప దూలం మీద కర్ర దూలం ఆనుకునే చోట సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. బాడీ కట్టిన మేస్త్రి ఎంతటి పనివాడో ఆ గీత చెప్పేస్తుంది. రంగులు ఎవరైనా వేయించుకోవచ్చు. ఇనుమూ కర్రా ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి తినేయకుండా కాపురం చేయాలంటే మాత్రం ఆ గీత దగ్గర బుర్ర పెట్టినవాడు ఉండాలి.

మన దగ్గర లారీ అనేది చాలా కాలం సగం కంపెనీ సరుకు, సగం ఊరి పని. 1954లో టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. మద్రాసు పక్కన ఎన్నూరులో అశోక్ లేలాండ్ వచ్చింది. కొన్నవాడి చేతికి వచ్చేది ఇంజను, చాసీ, చక్రాలు, ముందువైపు రేకు ముఖం, అంతే. డ్రైవరు ఏదో ఒక సీటు అమర్చుకుని, మొహానికి గుడ్డ చుట్టుకుని, ఎండకూ దుమ్ముకూ ఓర్చి ఆ అస్థిపంజరాన్ని వందల మైళ్లు తోలుకొచ్చేవాడు. క్యాబిన్, బాడీ కట్టేది ఇక్కడి వడ్రంగులు, కమ్మరులు, వెల్డర్లు. విజయవాడ ఆటోనగర్‌కు ఆ పేరు రావడం వెనక ఇలాంటి చేతులే ఉన్నాయి. ఆ రోజుల బళ్ల మీద కనిపించే 1210, 1612 అంకెల్లో మొదటి రెండూ బండీ సరుకూ కలిసిన బరువు టన్నుల్లో, చివరి రెండూ ఇంజను శక్తి పదుల గుర్రాల్లో. అంటే 1612 పదహారు టన్నుల బండి, నూట ఇరవై గుర్రాల ఇంజను.

చాసీ ఆయుష్షు ఎక్కువ, కర్ర ఆయుష్షు తక్కువ. అందుకే ఒక లారీ తన జీవితంలో రెండు మూడు బాడీలు చూస్తుంది. నా లెక్కలో కొత్త చాసీకి బాడీ కట్టడం కంటే పాత చాసీకి కట్టడమే పెద్ద పని. కొత్త చాసీ తిన్నగా, మూలమట్టంగా, కంపెనీ గీసిన గీత మీద ఉంటుంది. పాతది బతికిన బతుకంతా ఒంటి మీద మోస్తూ ఉంటుంది. పాత బాడీ ఊడదీశాక మంచి మేస్త్రి ముందు ముట్టుకునేది కర్రను కాదు, బురద గీకే బ్రష్షును. కర్ర కింద నీళ్లు నిలిచిన చోట ఇనుప దూలం పై అంచు తుప్పుపట్టి పలచబడి ఉంటుంది. రివెట్ల మీద చిన్న సుత్తితో తడతాడు. బిగువుగా ఉన్న రివెటు ఖణేలుమంటుంది, సడలినది మొద్దుగా పలుకుతుంది. ఎప్పుడో ఎవరో అవసరానికి పొడిచిన బెజ్జాల అంచుల్లో వెంట్రుక లాంటి చీలికలు వెతుకుతాడు. ఆ తర్వాత దారం. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు, ముందు కుడి నుంచి వెనక ఎడమకు కొలుస్తాడు. రెండు కొలతలూ సమానమైతే చాసీ మూలమట్టంగా ఉన్నట్టు. తేడా వస్తే ఎక్కడో ఒక దెబ్బ దాగి ఉందన్నమాట. అది తేలేదాకా కర్ర కోయకూడదు.

చాసీ కట్టుబడిలోని రహస్యం ఏమిటంటే, అది మెలి తిరగడానికే పుట్టింది. సీ ఆకారంలో వంచిన రెండు పొడవు దూలాలు, వాటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డ దూలాలు, చాలావరకు రివెట్లతో బిగింపు. ఉదయగిరి చుట్టుపక్కల కొండ ఊళ్ల దారుల్లో ముందు ఎడమ చక్రం రాయెక్కి, వెనక ఎడమ చక్రం గుంతలో దిగినప్పుడు కమాన్ పట్టీలు కొంత సర్దుకుంటాయి, మిగిలినది చాసీ మెలి తిరిగి సర్దుకుంటుంది. అలా తిరుగుతుంది కాబట్టే నాలుగు చక్రాలూ నేలను వదలవు. దాని మీద మనం పెట్టే బాడీ మాత్రం పెట్టె లాంటిది, మెలి తిరగడం దానికి చేతకాదు. ఈ రెంటినీ కలిపి ఉంచడమే మేస్త్రికి పరీక్ష. ఎక్కడికక్కడ గట్టిగా బిగించేస్తే పని పదిలంగా ఉందనిపిస్తుంది. ఆరు నెలలకు క్యాబిన్ వెనక చాసీ చీలుతుంది, లేదా బాడీ ముందు మూలలు విడిపోతాయి.

అందుకని తెలిసిన చెయ్యి వెనకభాగాన్ని కదలకుండా పట్టి, ముందుభాగాన్ని కొంచెం ఊపిరి పీల్చుకోనిస్తుంది. వెనక ఇరుసు దగ్గర, ఆ వెనక, బాడీ దూలాన్నీ చాసీ పక్క గోడనూ కలుపుతూ ఇనుప పలకలు పెట్టి బోల్టులతో బిగిస్తారు. బ్రేకు వేసినప్పుడు బాడీ ముందుకు జారకుండా ఆపేవి అవే. ముందువైపు బిగింపులో స్ప్రింగు పెడతారు. చాసీ మెలి తిరిగినప్పుడు బాడీ దూలం కాస్త పైకి లేచి, మళ్లీ కూర్చుంటుంది. ఇంకో చిన్న పని ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. క్యాబిన్ వెనక మొదలయ్యే కర్ర దూలం కొసను మొండిగా వదలరు, అడుగువైపు ఏటవాలుగా చెక్కుతారు. మొండి కొస ఉంటే బరువంతా ఒకే గీత మీద పడి, చాసీ సరిగ్గా అక్కడే వంగి వంగి అలసిపోతుంది. ఏటవాలు కొస ఆ బరువును మెల్లగా అప్పగిస్తుంది. నాలుగు చిత్రిక దెబ్బల పని. చూసేవాడికి అలంకారంలా ఉంటుంది, చాసీకి పదేళ్ల ఆయుష్షు.

చాసీ అంచుల మీద బెజ్జం వేయకూడదు, వెల్డింగు చేయకూడదు. దూలం వంగినప్పుడు పై అంచు, కింది అంచు ఎక్కువ లాగుడూ నొక్కుడూ పడతాయి, నడుమ గోడకు ఆ బాధ తక్కువ. బెజ్జం తప్పదనుకుంటే ఆ నడుమ గోడకే వేయాలి. మిగతాదంతా యూ బోల్టులతో కావలించి పట్టుకోవాలి. యూ బోల్టు బిగించేటప్పుడు సీ ఆకారపు దూలం లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి అంచులు లోపలికి వంగిపోతాయి. ఆ ఖాళీలో కొలిచి కోసిన కర్ర దిమ్మె ఇరికిస్తారు. సైలెన్సరు గొట్టం దగ్గరలో ఉంటే అక్కడ కర్ర పెట్టరు, ఇనుప దిమ్మె పెడతారు. వేడికి కర్ర మాడి, కుంచించుకుపోయి, బోల్టు సడలుతుందని, నిప్పు కూడా అంటుకోవచ్చని. పాత చాసీ పై అంచు ఎగుడుదిగుడుగా ఉన్న చోట సన్న పలకను చిత్రిక పట్టి, కాగితం మందం తేడా కూడా లేకుండా అమర్చుతారు. నేను వంగి చూసే గీత ఇదే.

ఉదయగిరి కర్ర తెలిసిన ఊరు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గం కిందనే నర్ది, బిక్కి, దేవదారి లాంటి కర్రలతో చెంచాలు, గరిటెలు చెక్కే పనివాళ్లు ఉన్నారు. వాళ్ల పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చెంచా కాడ వెంట కర్ర నార పారకపోతే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. అరచేతిలో పట్టే చెంచాకూ పది టన్నుల సరుకు మోసే లారీ బాడీ అడ్డ దూలానికీ ఈ నియమం ఒక్కటే. బాడీ వెడల్పు ఎనిమిది అడుగుల పైచిలుకు. 2.6 మీటర్లు దాటకూడదని నిబంధన. చాసీ వెడల్పు మూడడుగుల లోపే. అంటే ప్రతి అడ్డ దూలమూ ఇరువైపులా రెండున్నర అడుగులకు పైగా గాలిలో ఉంటుంది. సరుకు ఎక్కగానే ఆ చివర్లు కిందికి వంగాలని చూస్తాయి, చాసీ మీద ఆనిన చోట దూలం పైభాగం సాగుతుంది. కాబట్టి కర్రలో ముడి ఉంటే అది పైకి రాకుండా అడుగువైపుకు తిప్పి పెట్టాలి. చేవ దేరిన ముక్కలు ఇక్కడికి, చేవ లేనివి ఇంకెక్కడికో. దూలాలు పేర్చుకుంటూ మేస్త్రి ఒక్కోదాన్ని తిప్పి తిప్పి చూసేది ఇందుకే.

పొడవు లెక్క మరీ ముఖ్యం, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. టాటా 1613/42 బండి తీసుకుందాం. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు సుమారు 4.2 మీటర్లు. వెనక ఇరుసు దాటి వేలాడే భాగం ఇందులో 60 శాతం మించకూడదని నిబంధన, అంటే రెండున్నర మీటర్లు. నిబంధన ఒప్పుకుంది కదా అని అంత పొడవూ వాడేస్తే పని చెడుతుంది. పది టన్నుల సరుకు నడిమధ్య వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందు పడితే, ముందు ఇరుసు మీద సుమారు 1.4 టన్నులు కలుస్తాయి, స్టీరింగు నేలను పట్టుకుని ఉంటుంది. అదే నడిమధ్య ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక్కి జారితే ముందు ఇరుసు మీద 700 కిలోలు తగ్గిపోతాయి. వర్షంలో మలుపు దగ్గర డ్రైవరు తిప్పిన చక్రానికి బండి బదులు పలకదు. యజమాని ఇంకో అడుగు పెంచమని అడుగుతూనే ఉంటాడు. ఆ ఒక్క అడుగు దగ్గర మేస్త్రి కాదనగలగాలి. ఆ కాదనడాన్ని కూడా నేను పనితనంలోనే లెక్కేస్తాను.

పక్క డోర్లు ఏ సరుకుకు కడుతున్నారో దాన్ని బట్టి మారతాయి. డి.సి.పల్లి, కలిగిరి వేలం కేంద్రాలకు వెళ్లే పొగాకు బేళ్లు బరువు తక్కువ, చోటు ఎక్కువ. డోర్ల కంటే ఎత్తుగా పేర్చి తాళ్లతో లాగి కడతారు కాబట్టి డోర్లు లోపలికీ పైకీ లాగబడతాయి. తాడు కొక్కేలను పలకకు కాక, కింది ఇనుప పట్టీకి బిగించాలి. గులకరాయి, ఇసుక అయితే డోర్లను బయటికి తోస్తాయి. నిమ్మకాయ బస్తాలకు అడుగున గాలి ఆడాలి.

ఈ పని తగ్గిపోతోంది. ఏఐఎస్-093 ప్రమాణం లారీ క్యాబిన్‌కూ బాడీకీ కట్టుబాట్లు తెచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. కర్ర క్యాబిన్‌లో ఎండకు మాడిన డ్రైవర్ల తరం తర్వాత ఇది రావలసిన మార్పే, మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. బాడీ మార్చితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్.సి.లో నమోదు చేయించాలి. అదీ సబబే. నా బాధ ఒక్కటే. ఏటవాలు కొస ఎందుకో, ముడిని అడుగుకు ఎందుకు తిప్పాలో కళ్లతో, చేతులతో నేర్చుకున్నవాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నవాళ్లు చాలా తక్కువ. ఐటీఐల్లో వడ్రంగమూ వెల్డింగూ వేర్వేరు తరగతుల్లో నేర్పుతారు. ఈ పని ఆ రెంటి నడుమ ఉంది.

బాడీ కూర్చున్నాక పని అయిపోయిందని మంచి మేస్త్రి అనడు. నిండు సరుకుతో మొదటి ట్రిప్పు తిరిగి రాగానే బండి షెడ్డుకు రావాలని ముందే చెప్పి ఉంచుతాడు. కర్ర బరువు కింద నలిగి ఒకటి రెండు మిల్లీమీటర్లు అణుగుతుంది, ఆ మేరకు యూ బోల్టులన్నీ సడలుతాయి. వాటిని వెనక నుంచి ముందుకు వరుసగా, రెండు వైపులా సమంగా మళ్లీ బిగిస్తాడు. ముందు స్ప్రింగు బోల్టులను మాత్రం స్ప్రింగు పూర్తిగా నలగకముందే ఆపేస్తాడు. రెండో బిగింపు చేయించుకోని బండిలో సడలిన బోల్టు కింద కర్ర రోజూ కొంచెం కొంచెం అరుగుతూ పోతుంది. ఆరు నెలల తర్వాత ఎంత బిగించినా ఆ బోల్టు పట్టదు.