డాక్టరు గారిని అడగాల్సిన ప్రశ్న

వైద్యులతో మాట్లాడి రాయడం నా పని. ఒక నిపుణుడు ఏళ్ల తరబడి చదివిందీ, వార్డుల్లో చూసిందీ ఆదివారం పేజీలో సగానికి కుదించాలి. గుండెపోటు గురించో షుగరు గురించో అయితే జవాబులు చాలావరకు ఆయన దగ్గర సిద్ధంగా ఉంటాయి, తేట తెలుగులో పెట్టడమే నా వంతు. శాస్త్రం ఇంకా తేల్చని జబ్బు గురించి మాట్లాడించడం మాత్రం వేరే విద్య. అది నాకు ఉద్దానం వల్ల అబ్బింది.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల పల్లెలే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనం చూసి రెండో కోనసీమ అంటారు. 1990ల నుంచీ అక్కడ కిడ్నీలు పాడైనవాళ్లు అసాధారణ సంఖ్యలో బయటపడుతున్నారు. షుగరు ఉండదు, మొదట్లో బీపీ కూడా ఉండదు. తోట పనికి పోయే మనిషికి నెమ్మదిగా ఆకలి తగ్గుతుంది, నీరసం వస్తుంది, పాదాలు ఉబ్బుతాయి. రక్తపరీక్ష చేయించేసరికే చాలామందికి కిడ్నీలు చివరి దశకు వచ్చేసి ఉంటాయి. ఆపైన బతుకంతా డయాలసిస్ రోజుల చుట్టూ తిరుగుతుంది.

ఆ ఊళ్లలో ఎవరిని కదిపినా అడిగేది ఒకటే, ‘నీటి వల్లేనా బాబూ?’ అని. నేనూ అదే ప్రశ్న పట్టుకుని నిపుణుల దగ్గరికి వెళ్లేవాణ్ని. ఏ నిపుణుడైనా తను చదివిన చదువు కిటికీలోంచే చూస్తాడు. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాళ్ల గురించి, బోరు నీటిలో సిలికా గురించి మాట్లాడతాడు. విషపదార్థాలు చదివినాయన పురుగుమందులూ భారలోహాలూ ఎంచుతాడు. ఎండలో చెమటోడ్చే పనీ, ఒంట్లో నీరు తగ్గడమే అసలు సంగతని మరొకరు అంటారు. ఒళ్లునొప్పులకు ఇష్టమొచ్చినట్టు మింగే మాత్రల వైపు నెఫ్రాలజిస్టు వేలు చూపిస్తాడు. జన్యువులనూ కాదనలేమనే వాళ్లున్నారు. వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. ఏ ఒక్కరి మాటా పూర్తి కథ కాదు, అంతే.

ఇలాంటప్పుడు పత్రికల్లో, టీవీల్లో జరిగే పని నాకు బాధ కలిగిస్తుంది. ఇద్దరు నిపుణులను ఎదురెదురుగా కూర్చోబెట్టి కోడిపందెం ఆడిస్తారు. ఒకాయన నీరంటాడు, ఇంకొకాయన ఎండంటాడు. అరగంటయ్యాక ఎవరు గట్టిగా మాట్లాడారో చూసేవాళ్లకు గుర్తుంటుంది గానీ ఎవరి దగ్గర ఎంత ఆధారం ఉందో తెలియదు. నిజానికి ఆ ఇద్దరికీ మూడొంతుల విషయంలో ఏకాభిప్రాయం ఉంటుంది. ఈ జబ్బు షుగరువాళ్లకు వచ్చే కిడ్నీ జబ్బులా కాకుండా, వడపోత జల్లెళ్ల కంటే ముందు సన్నటి గొట్టాలనూ వాటి మధ్య కణజాలాన్నీ దెబ్బతీస్తుందని ఇద్దరూ చెబుతారు. అందుకే మొదటి దశలో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదనీ, ఒట్టి మూత్రపరీక్ష బాగుందని ధీమాగా ఉండకూడదనీ ఇద్దరూ ఒప్పుకుంటారు. పాఠకుడి ప్రాణానికి పనికొచ్చేది ఈ ఒప్పుకోలే. తగువు మోజులో అదే మరుగున పడిపోతుంది.

అందుకని నా ప్రశ్నల వరస మార్చుకున్నాను. ‘కారణం ఏమిటి?’ అని మొదలుపెట్టడం మానేశాను. ‘ఇది మీకెలా తెలిసింది?’ అని అడుగుతాను. ఎంతమందిని చూశారు, పక్కన జబ్బు లేని ఊళ్లతో పోల్చారా, ఒక్కసారి చూసి వదిలేశారా, కొన్నేళ్లు వెంట ఉండి గమనించారా? నీళ్లలో సిలికా ఎక్కువున్న ఊళ్లో జబ్బు కూడా ఎక్కువుంటే అది అనుమానానికి దారే గానీ రుజువు కాదు. మంచి పరిశోధకుడికి ఈ ప్రశ్న అడిగితే కోపం రాదు, ముఖం వికసిస్తుంది. ఎవరూ అడగని సంగతి అడిగారన్నట్టు కుర్చీ ముందుకు జరుపుకుని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెబుతారు. ఆ తర్వాత ఇంకొకటి అడుగుతాను. ఏం కనబడితే మీ అభిప్రాయం మార్చుకుంటారు? దీనికి జవాబున్న మనిషి మాటను నేను నమ్మకంగా అచ్చులో పెడతాను.

ఉద్దానం ఒంటరిది కాదు. శ్రీలంకలో అనురాధపుర చుట్టుపక్కల వరి రైతులకూ, ఎల్ సాల్వడార్, నికరాగువా తీరాల్లో చెరకు కోసే కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. ఎల్ సాల్వడార్ వైద్యులు 2002లోనే దీని గురించి వైద్య పత్రికలో రాశారు. శ్రీలంక ప్రభుత్వం 2015లో అనుమానం మీద గ్లైఫోసేట్ కలుపు మందును నిషేధించింది. మూడేళ్ల తర్వాత తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. జబ్బుకు కారణం మాత్రం తేలలేదు. నికరాగువాలో దారి వేరు. అక్కడ ఒక చక్కెర మిల్లులో కోత కూలీలకు నీడ, తాగునీరు, పని మధ్య తప్పనిసరి విశ్రాంతి ఏర్పాటు చేశారు. విశ్రాంతి పెంచాక కోతకాలంలో కిడ్నీలు దెబ్బతినడం తగ్గిందని పరిశోధకులు నమోదు చేశారు. మూలకారణం మీద వాదన తెగకపోయినా కొందరి కిడ్నీలు నిలబడ్డాయి. దాన్ని యథాతథంగా ఉద్దానానికి తెచ్చి అతికించలేం. ఇక్కడ మండుటెండలో చెరకు నరకని ఆడవాళ్లలోనూ జబ్బుంది. ఆ మాటా రాయాలి.

కారణం తేలితే కష్టాలు తీరిపోతాయనుకునేవాళ్లకు మన నేల మీదే ఇంకో చరిత్ర ఉంది. నాటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల మనుషుల వెన్నెముకలు వంగిపోవడానికి నీటిలో ఫ్లోరైడే కారణమని 1937లోనే వైద్యులు అచ్చులో చెప్పారు. నల్గొండలోనూ అదే విషం. పటికా సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి తర్వాత్తర్వాత నల్గొండ పేరే పెట్టారు. కారణం తెలుసు, మందు లేదనీ తెలుసు, మంచినీళ్లిస్తే చాలనీ తెలుసు. అయినా తరతరాలుగా పిల్లలు వంకర కాళ్లతో పెరిగారు. అక్కడ లోపించింది శాస్త్రం కాదు, గొట్టంలో నీళ్లు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకున్నప్పటి నుంచీ నేను నిపుణుల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. అసలు సంగతి తేలేలోపు ఏం చేయాలి?

దీనికి జవాబు చెప్పేటప్పుడు ఎంత పెద్ద డాక్టరైనా పుస్తకం పక్కన పెట్టి మనిషి వైపు తిరుగుతాడు. ఉద్దానం విషయంలో ఆ జవాబులు కొన్ని అమలయ్యాయి కూడా. హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చుతో ఇళ్లకు నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. నీరే కారణమని తేలిందని కాదు. మంచినీళ్లు ఎలాగూ ఇవ్వాల్సిందే, ఆలస్యం చేస్తే నష్టమే తప్ప లాభం లేదు. ఆ ఆస్పత్రిలో డాక్టర్లూ టెక్నీషియన్లూ నిండుగా ఉన్నారా, నీళ్లు రోజూ వస్తున్నాయా అని అడుగుతూ ఉండాల్సింది మా వృత్తివాళ్లం. ప్రారంభోత్సవం రోజున రాసి ఊరుకుంటే మా పని అయిపోయినట్టు కాదు.

చివరగా శీర్షికల సంగతి. ‘కావచ్చు’ అని నిపుణుడు చెప్పిన మాట పేజీకి చేరేసరికి ‘అదే కారణం’ అయిపోతుంది. చోటు చాలదంటారు. ఆ మూడక్షరాలకు చోటు చూడలేని పేజీ ఆరోగ్యం గురించి రాయకపోవడమే మేలని నా అభిప్రాయం. నీరే విషమన్న శీర్షిక చదివి ఒక కుటుంబం అప్పుచేసి డబ్బాల నీళ్లు కొనుక్కుంటుంది. ఒళ్లునొప్పుల మాత్రలు మాత్రం మానదు, ఎందుకంటే వాటి గురించి మనం రాయలేదు.

కాబట్టి ఉద్దానం పాఠకులకు, ఆ పల్లెల నుంచి వలసపోయి హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేస్తున్నవాళ్లకు, నిపుణులంతా ఒప్పుకునే మాటలే చెబుతున్నాను. మూత్రపరీక్ష ఒక్కటే చాలదు, రక్తంలో సీరం క్రియాటినిన్ చూపించుకోండి. ఆ అంకె కండ ఉన్న కుర్రాడికి ఒకలా, బక్కచిక్కిన ముసలమ్మకు ఒకలా చూడాలి. అందుకే దాంతోపాటు కిడ్నీ వడపోత సామర్థ్యం ఎంతో లెక్కకట్టి చెప్పమని అడగండి. అది 60 కంటే తక్కువొస్తే గాభరాపడొద్దు. ముందు డాక్టరుకు చూపించండి, మూడు నెలలకు మళ్లీ చేయించండి. అప్పటికీ తక్కువే ఉంటేనే దీర్ఘకాల జబ్బంటారు. ఎండలో పనిచేసి వచ్చి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి. పాత రిపోర్టులు పారేయకండి. డాక్టరు గారు ఏదైనా ఖాయంగా చెప్పినప్పుడు, మర్యాదగానే, ‘అది మీకెలా తెలిసిందండీ?’ అని అడగండి.