ఆడలేక మద్దెల ఓడా? – ఇంటి ఆటల జాయ్‌స్టిక్కుల గుణదోష విచారణ

ఆడలేక మద్దెల ఓడు అన్నదని సామెత. తన చేతకానితనాన్ని వాద్యం మీదికి నెట్టేవారిని ఎత్తిపొడవటానికి పెద్దలు ఈ మాట వాడుతారు. అయితే మద్దెల నిజంగానే ఓటిదయ్యే సందర్భాలు లేకపోలేదు. తప్పు ఎవరిదో తేల్చటానికి సామెత చాలదు, మద్దెలను పరీక్షించవలె. వీడియో ఆటలు ఆడేవారికి జాయ్‌స్టిక్కు ఇట్టి మద్దెల.

నాణెం వేసి ఆడే యంత్రాలుండే శాలలకు ఆర్కేడులని పేరు. 1980లో జపానులో పుట్టిన పాక్-మాన్, 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్-2 ఈ యంత్రాల ద్వారానే లోకానికి పరిచయమైనవి. ఆ యంత్రాల మీది కర్రనే ఇంటి బల్ల మీదికి తెచ్చామని చెప్పే పెట్టెలు నేడు అనేకం అమ్ముతున్నారు. "అసలైన ఆర్కేడు" అనే మాట వాటి ప్రకటనలలో తరచుగా కనిపిస్తుంది. కాని ఆర్కేడు కర్రలన్నీ ఒకే జాతివి కావు. అమెరికా కర్ర వేరు, జపాను కర్ర వేరు, కొరియా కర్ర వేరు. వీటిలో ఏది మంచిదని అడగటం కంటె, ఏది ఏ ఆటకు తగినదని అడగటం సమంజసం.

మొదట దీని నిర్మాణం చూడవలె. జాయ్‌స్టిక్కు ఒక తులాదండం. పైన గుండో, పిడియో ఉంటుంది. నడుమ ఆధార బిందువు. కింద పెట్టె లోపల కర్ర కొన. పిడిని కుడికి నెట్టితే కింది కొన ఎడమకు పోయి అక్కడి మీటను నొక్కుతుంది. నాలుగు దిక్కులకు నాలుగు మీటలు. రెండు పక్క మీటలు ఒకేసారి నొక్కుకొంటే అది మూల దిక్కు. ఈ విధంగా నాలుగు మీటలతో ఎనిమిది దిక్కులు లభిస్తవి. చేయి వదలగానే కర్రను నడిమికి తెచ్చేది స్ప్రింగు. కర్ర ఎంతదూరం పోవచ్చునో నిర్ణయించేది అడుగున బిగించిన రంధ్రపు పలక.

ఇందులో వాడే మీటను మైక్రోస్విచ్చి అంటారు. ఇది 1932లో అమెరికాలోని ఫ్రీపోర్ట్ పట్టణంలో రూపొందింది. లోపల ఒక వంచిన లోహపు రేకు ఉంటుంది. నెమ్మదిగా నొక్కినను, వేగంగా నొక్కినను అది ఒకానొక స్థానం వద్ద టక్కున అవతలికి వంగి విద్యుత్ వలయాన్ని పూర్తి చేస్తుంది. కంప్యూటరు మౌసును నొక్కినప్పుడు వినవచ్చే చప్పుడు సాధారణంగా ఇట్టి రేకుదే. మీట ఎక్కడ పనిచేసిందో వేలికి, చెవికి కూడ తెలియటం దీని గొప్ప సుగుణం.

ఇంటి జాయ్‌స్టిక్కులలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది అటారి సంస్థ వారి సి.ఎక్స్.40. 1977లో వెలువడిన అటారి ఆటయంత్రానికి తోడుగా ఇది వ్యాప్తిలోకి వచ్చింది. నల్లని పెట్టె, రబ్బరు తొడుగు గల కర్ర, ఒక ఎర్ర బొత్తాము – ఇంతే దీని రూపం. లోపల మైక్రోస్విచ్చులు లేవు. కర్ర కింది ప్లాస్టిక్ భాగం వలయపు పలక మీది చిన్న లోహపు బుడిపెలను నొక్కుతుంది. చౌకగా చేయటానికి ఇది తెలివైన ఉపాయమే. కాని పదేపదే వంగే ప్లాస్టిక్ అలసిపోయి విరుగుతుంది. చరిత్రలో దీని స్థానం పెద్దది. ఆర్కేడు కర్రతో పోల్చి మెచ్చుకొనటం మాత్రం న్యాయం కాదు.

అమెరికా తరహాకు హ్యాప్ సంస్థ వారి కాంపిటిషన్ కర్ర ప్రతినిధి. దీని పిడి పొడవైనది, నడుమ లావై పిడికిలికి సరిపడేది. స్ప్రింగు గట్టిది. మొరటుగా లాగినను తట్టుకొంటుంది. బహిరంగ శాలలో వేలాది చేతులు పడే యంత్రానికి ఇది గుణమే. ఇంటిలో ఒక్కడే గంటసేపు ఆడినప్పుడు అదే గట్టిదనం మణికట్టుకు శ్రమ. హుక్ నియమం ప్రకారం కర్రను ఎంతదూరం నెట్టితే స్ప్రింగు అంత బలంతో ఎదురునెట్టుతుంది. గట్టి స్ప్రింగుకు ఈ బలం ప్రతి మిల్లీమీటరుకు ఎక్కువ. ఒకచోటి గుణం వేరొకచోట దోషమగుటకు ఇది మంచి ఉదాహరణ.

జపాను సాన్వా సంస్థ వారి జె.ఎల్.ఎఫ్. కర్రకు నేడు పేరు మెండు. పైన 35 మిల్లీమీటర్ల గుండు, స్ప్రింగు మెత్తనిది, వేళ్ళతో తేలికగా కదల్చవచ్చును. దీని పలకలోని రంధ్రం చతురస్రం. ఇక్కడే జ్యామితి ప్రవేశిస్తుంది. లెక్కకు తేలికగా, నడిమి నుండి చతురస్రపు భుజానికి దూరం 10 మిల్లీమీటర్లు అనుకొందాము. అప్పుడు మూలకు దూరం పదికి √2 రెట్లు, అనగా సుమారు 14 మిల్లీమీటర్లు. కర్ర మూలలోకి పోయి కూర్చుంటుంది కనుక మూల దిక్కు తప్పదు. స్ట్రీట్ ఫైటర్-2లో కిందికి, మూలకు, ముందుకు వరుసగా కర్రను తిప్పి చేసే విద్యలున్నవి. వాటికి ఈ పలక అనుకూలం.

పాక్-మాన్ సంగతి వేరు. అందులో సందులన్నీ నాలుగు దిక్కులకే. మూల దిక్కు లేనే లేదు. ఎనిమిది దిక్కుల కర్రతో ఆడేవాడు పొరపాటున మూలకు జారితే రెండు మీటలు ఒకేసారి మూసుకొంటవి. ఆట వాటిలో ఒకదానినే లెక్కలోకి తీసుకొంటుంది. పోదలచిన సందు తప్పి, బొమ్మ దయ్యం నోట పడుతుంది. చూచేవారు బాలునికి నేర్పు లేదంటారు. నిజానికి అక్కడ ఓటిది మద్దెలే. అనగా ఖరీదైన కర్ర సైతం ఈ ఆటకు ఉన్నది ఉన్నట్లుగా తగదు.

అయితే జె.ఎల్.ఎఫ్. తయారీదారులు దీనికి ఉపాయం ఉంచారు. పలకను 45 డిగ్రీలు తిప్పి బిగించవచ్చును. అప్పుడు చతురస్రపు మూలలు పై, కింది, కుడి, ఎడమ దిక్కులకు వస్తవి. మూల దిక్కులకు గోడలు అడ్డు నిలుస్తవి. పై లెక్కలోనే, గోడను తాకిన చోట ప్రతి దిక్కుకు కర్ర జరిగిన దూరం సుమారు 7 మిల్లీమీటర్లు మాత్రమే. మీట మూసుకొనటానికి 8 మిల్లీమీటర్లు కావలసి ఉంటే రెండు మీటలు కలసి మూసుకొనటం అసాధ్యం. కొత్త కర్ర కొనకుండనే నాలుగు దిక్కుల కర్ర సిద్ధమైనది. ఈ సదుపాయాన్ని ప్రకటనలు పెద్ద అక్షరాలలో చెప్పకపోవటం విచిత్రం.

కొరియా కర్రలలో క్రౌన్ పేరు గలవి ప్రసిద్ధం. టెక్కెన్ అనే పోరాటపు ఆటలో ఆరితేరిన కొరియా ఆటగాండ్రు ఈ తరహాను ఇష్టపడుతారు. ఇందులో ఉక్కు స్ప్రింగుకు బదులు రబ్బరు వలయం ఉంటుంది. కర్ర తిరిగే హద్దు గుండ్రనిది, మూలలు లేవు. ఉక్కు స్ప్రింగు తాను గ్రహించిన శక్తిని దాదాపు అంతా తిరిగి ఇస్తుంది. అందువల్ల ఒక్కసారిగా వదలిన కర్ర నడిమిని దాటి ఎదుటి మీటను తాకే ప్రమాదం ఉన్నది. రబ్బరు కొంత శక్తిని ఉష్ణంగా మార్చివేస్తుంది కనుక ఊగిసలాట త్వరగా అణగుతుంది. అటు ఇటు క్షణక్షణం కర్రను కొట్టి నడిమికి తేవలసిన ఆటకు ఇది మేలు. కాని మూల ఎక్కడున్నదో పలక చెప్పదు, చేతికే తెలియవలె. రబ్బరుకు కాలక్రమాన పట్టు తగ్గటం కూడ లెక్కించవలసిన దోషం.

ఇక వేగాన్ని గూర్చిన ప్రకటనలు. సెకనుకు 1000 సార్లు మీటలను అడిగి తెలుసుకొనే పెట్టె, 125 సార్లు అడిగే పెట్టె కంటె మేలని చెప్పుతారు. మాట నిజమే, అయితే లెక్క కట్టవలె. మొదటిదానికి విరామం 1 మిల్లీసెకను, రెండవదానికి 8. ఎంత ఎక్కువైనను భేదం 7 మిల్లీసెకన్లు. సెకనుకు 60 చిత్రాలు చూపే తెరపై ఒక్క చిత్రం నిలిచే కాలం 16.7 మిల్లీసెకన్లు. చేతి వేగం సెకనుకు అర మీటరు అనుకొంటే, గుండు 10 మిల్లీమీటర్లు కదలటానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. అనగా కర్ర నడక రెండు మిల్లీమీటర్లు తగ్గితే 4 మిల్లీసెకన్లు కలసివస్తవి. మీట ఎంతదూరంలో మూసుకొంటుందో చెప్పక వేగాన్ని మాత్రమే చాటే ప్రకటన సగం నిజమే చెప్పుతున్నది.

పెట్టె బరువు మరచిపోరాదు. కర్ర పలక అంచును తాకిన తరువాత చేతి బలమంతా పెట్టెకే చేరుతుంది. ఘర్షణ గుణకం 0.5 అయిన బల్ల మీద ఒక కిలోగ్రాము పెట్టె సుమారు 5 న్యూటన్ల బలానికే జారుతుంది. మూడు కిలోగ్రాములదానికి సుమారు 15 కావలె. తేలిక పెట్టెలో బిగించిన ఉత్తమమైన కర్ర, ఇసుకలో పాతిన స్తంభం వంటిది. రూపం చూచి ఇట్టివాటిని కొనటం డబ్బు దండుగ.

మొత్తం మీద, రకరకాల ఆటలు ఆడే ఇంటికి ఒక్క కర్రే కొనదలచిన పక్షంలో జె.ఎల్.ఎఫ్. తరహాకే ముందు స్థానం ఇవ్వవలె. దానికి కారణం జపాను పేరు కాదు. పలకను తిప్పవచ్చును, మార్చవచ్చును. అరిగిన భాగాన్ని ఊడదీసి కొత్తది బిగించవచ్చును. విప్పి బాగుచేసుకొనటానికి వీలైన పరికరం విద్యార్థికి ఆటవస్తువే కాక పాఠం కూడ అవుతుంది. అంటించి మూసివేసిన పెట్టె ఎంత అందమైనదైనను ఈ గౌరవానికి అర్హం కాదు.

కొనేముందు చేయదగిన పరీక్షకు విద్యుత్తు కూడ అక్కరలేదు. కర్రను మెల్లగా ఒక దిక్కుకు నెట్టి, టక్కుమన్న చోటికి ఎన్ని మిల్లీమీటర్లో స్కేలుతో కొలవవలె. నాలుగు దిక్కుల కొలతలు దాదాపు సమానంగా ఉండవలె. మూలకు నెట్టినప్పుడు రెండు చప్పుళ్లు వినబడవలె. చివరగా కర్రను అంచుదాక నెట్టి ఒక్కసారిగా వదలి, ఎదుటి మీట మోగుతున్నదేమో వినవలె. పాఠశాలలో ఒక పాత కర్ర దొరికితే, మీటల కొనలకు బ్యాటరీని, చిన్న బల్బులను కలిపి ఈ పరీక్షనే తరగతి అంతటికీ కంటికి కనబడేటట్లు చేయవచ్చును.