పద్దులో లేని పొయ్యి

కర్నూలు జిల్లా పత్తికొండ పేరు పత్రికలకెక్కేది చాలాసార్లు టమాటా వల్లనే. ధర పలికితే మార్కెట్ ముందు బండ్లు బారులు తీరుతాయి. పలక్కపోతే రైతులు రోడ్డు పక్కన ఎర్రగా కుప్పలు పారబోసి ఇంటిదారి పడతారు. ఆ సంబరానికీ ఈ ఏడుపుకీ కెమెరాలు వస్తాయి. అదే ఊళ్లో తెల్లారకముందే బొరుగులు నానేసే మనిషినీ, పొద్దు వాలాక ఇంటి ముందు పెనం పెట్టి జొన్న రొట్టెలు కొట్టే మనిషినీ ఎవరూ ఫోటో తీయరు. ధర ఎక్కినా దిగినా ఊరికి రెండు పూటలా తిండి అందించేది వాళ్లే.

వ్యాపారం అనే మాట వాళ్లకే కాస్త బరువుగా తోస్తుంది. ఒక పొయ్యి, ఒక అరుగు లేదా తోపుడు బండి, ఇంట్లోవాళ్ల చేతులు, ఉంటే ఓ రేకుల కప్పు. పెట్టుబడి అంతే. ఉల్లిగడ్డలు తరిగేది అత్త, పెనం దగ్గర కూచునేది కోడలు, బజారుకు పోయి సరుకు తెచ్చేది మొగుడు, బడి నుంచి వచ్చి పార్శిళ్లు కట్టేది పిల్లలు. ఇంటిపని ఎక్కడ ఆగి దుకాణం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపడం కష్టం.

పొద్దుటి పూట సంగతి ముందు. కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లో బొరుగుల ఉగ్గాని లేని హోటలు హోటలే కాదు. కన్నడంలో ఒగ్గరణె అంటే తిరగవాత. ఉగ్గాని అనే మాట ఆ గడప దాటి వచ్చిందే అంటారు. పత్తికొండకు దగ్గర్లోని ఆలూరు, ఆదోని తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి, మాటా తిండీ ఒకే పళ్లెంలో కలవడంలో వింతేమీ లేదు.

చేసేది చూస్తే పిల్లలాట అనిపిస్తుంది. బొరుగులు నీళ్లలో వేసి, వెంటనే పిడికిళ్లతో పిండి తీయాలి. ఈ 'వెంటనే'లోనే పనితనమంతా ఉంది. ఒక్క క్షణం ఆలస్యమైతే బొరుగు ముద్దయిపోతుంది, తొందరపడితే నడుమ గట్టిగా మిగులుతుంది. నూనెలో ఆవాలు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డలు, పసుపు వేసి తిరగవాత పెట్టి, పిండిన బొరుగులు అందులో కలుపుతారు. చివర్లో పప్పుల పొడి చల్లుతారు. కోస్తావాళ్లు పుట్నాల పప్పు అనేదాన్ని సీమలో పప్పులు అంటే చాలు. ఆ పొడి రుచి కోసమే అనుకుంటే పొరపాటు. బొరుగుల్లో మిగిలిన తడిని అది పీల్చుకుని గింజకు గింజ విడిపోయేట్టు చేస్తుంది. పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ఉగ్గాని తినేవాడు ఉంటే, వాడు కొత్తగా ఊళ్లోకొచ్చినవాడని అర్థం.

ఆ బొరుగుల వెనక ఇంకో కుటుంబం ఉంటుంది. బొరుగుల బట్టీ దగ్గర నిలబడ్డం సరదా పని కాదు. వడ్లు నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఆ తర్వాతే మిల్లుకు వేస్తారు. పచ్చి వడ్లు ఆడించిన బియ్యం ఇందుకు పనికిరాదు. ఉడికి, ఎండి గట్టిపడిన గింజకు ఉప్పునీళ్లు పట్టించి, సన్న సెగ మీద ఆరనిచ్చి, ఎర్రగా కాగిన ఇసకలోకి గుప్పుతారు. గింజ లోపల చిక్కుకున్న తేమ ఒక్కసారిగా ఆవిరై దాన్ని ఉబ్బిస్తుంది. కొన్ని సెకన్ల పని. చేయి తడబడితే తెల్లగా రావలసింది గోధుమరంగుకు తిరిగి, మాడు వాసన కొడుతుంది. ఉప్పు కూడా రుచికి మాత్రమే కాదు, గింజ బాగా విచ్చుకోవడానికి. పొయ్యిలోకి వరిపొట్టు పిడికిలి పిడికిలిగా ఒకరు వేస్తూనే ఉండాలి, ఒకరు తిప్పుతూనే ఉండాలి, ఒకరు జల్లెడ పట్టి ఇసక వేరు చేయాలి. ముగ్గురూ ఒకరి కన్ను ఒకరు చూసుకుంటూ పనిచేయాలి కాబట్టి, బట్టీ ఎక్కువగా కుటుంబాల చేతుల్లోనే నిలిచింది. కర్ణాటకలో దావణగెరె ఈ బొరుగుల (కన్నడంలో మండక్కి) బట్టీలకే పేరుమోసింది. అక్కడ ఒక పేట పేటంతా వాటి పొగే. ఆ పొగ ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో చెప్పకుండా ఈ పనితనాన్ని పొగిడితే అది సగం నిజమే అవుతుంది.

ఇక రొట్టె.

గోధుమ పిండిలో సాగే జిగురు ఉంటుంది. జొన్నలో అది లేదు. చపాతీ కర్రతో ఒత్తబోతే అంచులన్నీ పగుళ్లు. అందుకే సీమ ఆడవాళ్లు మరిగే నీళ్లతో మొదలుపెడతారు. పిండి నడుమ గుంట చేసి ఉడుకు నీళ్లు పోస్తే అందులోని గంజి సగం ఉడికి బంకలా మారుతుంది, పిండిని పట్టి ఉంచేది అదే. చేయి కాలుతున్నా అరచేత్తో రుద్ది రుద్ది మెత్తబరుస్తారు. పొడిపిండి చల్లిన పలక మీద ముద్ద పెట్టి, కుడిచేత్తో తడుతూ, ఎడమచేత్తో అంచు సర్దుతూ, తట్టిన ప్రతిసారీ ఇంచుక తిప్పుతారు. రొట్టె తనంతట తాను తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వీధి చివరినుంచే వినబడే ఆ దబదబ చప్పుడే వాళ్ల దుకాణం బోర్డు.

పెనం మీద వేశాక పై ముఖానికి నీళ్లు పూస్తారు. కొత్తగా చూసేవాళ్లకు ఇదేమిటో అర్థం కాదు. అంటుకున్న పొడిపిండిని ఆ నీళ్లు తీసేస్తాయి, పై పొర త్వరగా ఎండి బీటలు పడకుండా చూస్తాయి. తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ఆరాక తిప్పితే పగిలిపోతుంది, ముందే తిప్పితే పెనానికి కరుచుకుంటుంది. చివరికి నిప్పుల పక్కన ఆనిస్తే పొర విడి పొంగుతుంది. పొంగిన రొట్టెలో వేడివేడిగా వెన్నో ఊరిబిండి పచ్చడో పెట్టుకుని, మటిక్కాయ (గోరుచిక్కుడు) కూరతో తిన్నవాళ్లకు వేరే వర్ణన అక్కర్లేదు. అదే రొట్టెను పల్చగా కొట్టి, సన్న సెగ మీద చెమ్మంతా పోయేదాకా కాలిస్తే కరకరలాడుతూ వారాల తరబడి నిలవుంటుంది.

పిండి విషయంలో వాళ్ల పట్టుదల చూడాలి. కొట్లో దొరికే పాత పిండి ముట్టరు, 'జిగి పోయింది' అంటారు. జొన్నలు కొని ఎప్పటికప్పుడు గిర్నీకి పోసుకుంటారు. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నాటిది, దాని నుంచి తెల్లజొన్న, పచ్చజొన్న రకాలు ఎన్నో వచ్చాయి. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లన్నది రైతు లెక్క. ఏ జొన్న పిండి అంచు విరక్కుండా సాగుతుందన్నది రొట్టెలు చేసేవాళ్ల లెక్క. వాళ్ల చేతివేళ్లు చెప్పే తీర్పును కాగితం మీద రాసి పెట్టినవాళ్లు మాత్రం తక్కువ.

తిండి ఇంటి నుంచి అంగడికెక్కడం వెనక ఒక మలుపు ఉంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక, సీమలో మెట్టపల్లెల పళ్లెంలో కూడా వరన్నం రోజువారీ అయింది. జొన్న రొట్టె, కొర్రన్నం, సంగటి పేదతనానికి గుర్తులుగా వెనక్కి జరిగాయి. ఒక తరం ఆడపిల్లలు రొట్టె కొట్టడం నేర్చుకోకుండానే పెళ్లిళ్లు చేసుకుని వెళ్లారు. తర్వాత చక్కెర జబ్బు వచ్చింది, డాక్టర్లు జొన్న తినమన్నారు, 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరమంది. అప్పటికి ఇళ్లలో చేతులు లేవు. ఎవరి ఇంట్లో పాత చేయి మిగిలిందో వాళ్ల ముందు వరస కట్టారు. పేదల తిండి అని వదిలేసినదాన్ని డబ్బున్నవాళ్లు కార్లు ఆపి కొనుక్కుపోతున్నారు.

కరకర రొట్టెకు ఇంకో గిరాకీ కూడా ఉంది, అది అంత సరదాది కాదు. వానలు మోసం చేసిన ఏడు పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు పల్లెలు సగం ఖాళీ అవుతాయి. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు వైపు బతుకు వెతుక్కుంటూ పోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. పోయేవాళ్ల మూటలో ఎండురొట్టెలు, కారప్పొడి ఉంటాయి. అదే రొట్టె ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో సీలు పడి హైదరాబాదులో, బెంగళూరులో అపార్ట్‌మెంట్లకు పోతోంది. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లోకీ ఎక్కుతోంది.

లెక్కల మాటకొస్తే, పత్తికొండకు థామస్ మన్రోతో ఒక సంబంధం ఉంది. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసి, రైతు రైతుకూ విడిగా పొలం కొలిపించి, శిస్తు కట్టే పద్ధతిని ఇక్కడ నిలబెట్టినవాడాయన. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలై 6న పర్యటనలో ఉండగా పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. ఆయన పేరు మీద చింతతోపు వేశారు, మెట్లబావి కట్టారు. ఆయన గుమాస్తాలు చేను చేనుకూ లెక్క రాశారు, నేల రంగు రాశారు, బావి ఉందో లేదో రాశారు. ఆ చేను దున్నినవాడికి జొన్న విసిరి రొట్టె చేసి పెట్టిన చేతికి వాళ్ల పద్దుల్లో గడి లేదు.

ఇప్పటికీ పెద్దగా లేదు. ఇంట్లో చేసి ఇంట్లోనే తిన్న రొట్టె దేశం ఆదాయంలో కలవదు. అదే రొట్టె పక్కింటికి అమ్మితే కలుస్తుంది. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పత్తికొండ అరుగు మీది పెనం అసలు విలువ ఇక్కడే ఉంది. తరతరాలుగా 'ఊరికే' అనిపించుకున్న పనికి అది రొట్టె రొట్టెకూ ధర పెట్టింది.

ఆ ధర పెట్టే ధైర్యానికి కర్నూలు జిల్లాలో ఒక దారి ముందే పడి ఉంది. 1982లో డ్వాక్రా మొదలైనా, ఆ సంఘాలకు ఊపు వచ్చింది సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, రోజుకో రూపాయి పొదుపుతో. 1990ల నడుమ ఐక్యరాజ్య సమితి సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచినప్పుడు, ఓర్వకల్లు మండలం ఆడవాళ్లు తమ సంఘాలన్నిటినీ ఒక మండల సమాఖ్యగా కట్టుకున్నారు. దాన్ని చూడ్డానికి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. గ్రైండరుకో తోపుడు బండికో బర్రెకో కావలసిన చిన్న అప్పు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా దొరకడం అప్పటి నుంచే అలవాటైంది.

ఇంటి పొయ్యిని వ్యాపారంగా నిలబెట్టడం ఎలాగో చూపినవాళ్లు ఇంకా ఉన్నారు. బొంబాయిలో 1959లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్‌లో, పిండి ఒకచోట కలిపి, ఒత్తడం ఎవరింట్లో వాళ్లకు వదిలారు. రుచి అందరిదీ ఒకటే, పని మాత్రం ఇంటి వేళను బట్టి. పొరుగున ఉన్న కర్ణాటకలో కలబురగి జిల్లా యంత్రాంగం ఈ మధ్య మహిళా సంఘాల జొన్న రొట్టెలను కలబురగి రొట్టె అనే ఒకే పేరు కిందికి తెచ్చింది. పత్తికొండ, ఆదోని రొట్టెకు అలాంటి ఉమ్మడి పేరు లేదు. 2020లో వచ్చిన కేంద్రం చిన్న ఆహార పరిశ్రమల పథకంలో యంత్రాలకు 35 శాతం సబ్సిడీ, సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం పెట్టారు. అయితే రొట్టె యంత్రం ఒత్తిన రొట్టె గుండ్రంగా వస్తుందే గానీ, పొంగడంలో చేతి రొట్టెకు సాటిరాదని పాత చేతులవాళ్లు మొహం చిట్లిస్తారు. పెద్ద ఆర్డర్లు వచ్చే పెళ్లిళ్ల నెలల్లో మాత్రం ఆ చిట్లింపు కాస్త తగ్గుతుంది.

కుటుంబ వ్యాపారం అనగానే అందులో అనురాగం మాత్రమే చూసేవాళ్లుంటారు. కూలికి మనిషిని పెట్టుకుంటే గిట్టదు కాబట్టే కుటుంబమంతా దిగుతుంది. అత్త తరిగిన ఉల్లిగడ్డలకు కూలి కట్టి చూస్తే చాలా బండ్లలో లాభం మిగలకపోవచ్చు. గిట్టుబాటు లెక్కలో ఆ కూలి ఎవరూ వేయరు.

సాయంత్రం ఏడు దాటాక పెనం చుట్టూ జనం మూగుతారు. ఒకరు పది, ఒకరు నాలుగు, ఒకరు 'అక్కా, కరకరలాడేవి కట్టు' అని. చేతులకు మోచేతి దాకా పిండి ఉంది కాబట్టి ఆమె నోట్లు ముట్టుకోదు. గోడకు అతికించిన క్యూఆర్ కోడ్ వైపు గడ్డంతో చూపిస్తుంది. పక్కనున్న చిన్న డబ్బా 'యాభై రూపాయలు అందాయి' అని గట్టిగా అరుస్తుంది. డబ్బు పోయేది ఎవరి ఖాతాకో అడిగితే, ఇలాంటి చాలా పొయ్యిల దగ్గర వచ్చే జవాబు మొగుడి పేరు, లేదంటే కొడుకు పేరు. ఆమె అప్పటికే తర్వాతి ముద్ద పలక మీద వేసి తట్టడం మొదలుపెట్టి ఉంటుంది.