ఒకే పోస్టుకు పోటీ, ఒకే గ్రూపులో చదువు

2024 ఫిబ్రవరిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 563 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో పోస్టుకు ఏడు వందల మందికి పైనే. ఇంత పోటీలో ఉన్నవాళ్లు తమ నోట్సు దాచుకోకుండా పంచుకుంటారనీ, ఒకరికి వచ్చిన సందేహాన్ని రాత్రి పదకొండింటికి ఇంకొకరు ఓపిగ్గా తీరుస్తారనీ చెబితే బయటివాళ్లు నమ్మరు. రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ కొలువుకు చదివే అభ్యర్థుల టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో రోజూ జరిగేది మాత్రం అదే.

ఆ గ్రూపులు వాటంతటవి నడవవు. వెనక అడ్మిన్లు ఉంటారు. వాళ్లలో చాలామంది అదే పరీక్షకు చదువుతున్నవాళ్లు. జీతం ఉండదు, పేరు బయటికి రాదు. అయినా ఈ కొన్నేళ్లలో వాళ్ల చేతుల్లో ఒక పనితనం రూపుకట్టింది. బిట్టు (ఆప్షన్లున్న ప్రశ్న) రాయడం, పుకారును ఆపడం, పరీక్ష జవాబుల కీ తేల్చడం, కుంగిపోయినవాళ్లను పట్టుకోవడం అందులో భాగాలు. కోచింగ్ సెంటర్ల ప్రకటనలకు దొరికే గుర్తింపులో పదోవంతు కూడా దీనికి దొరకలేదు. దొరకాలన్నది నా మాట.

చెట్టు కింది నుంచి ఫోన్‌లోకి

కలిసి చదవడం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టింది పుస్తకం కొనలేనివాడికి చదువు అందాలనే. ఆ ఆశయం తర్వాతి తరాల్లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో, అశోక్‌నగర్ హాస్టళ్లలో, డీఎస్సీ శిక్షణకు పేరుపడ్డ అవనిగడ్డ అద్దెగదుల్లో బతికింది. నలుగురు కలిసి సబ్జెక్టులు పంచుకుంటారు. ఒకరు పాలిటీ, ఒకరు ఎకానమీ, ఇంకొకరు చరిత్ర చదివి వచ్చి సాయంత్రం మిగతావాళ్లకు చెబుతారు. చెప్పడానికి చదివినవాడు తనకోసం చదివినవాడికన్నా లోతుకు వెళ్తాడని అక్కడ అందరికీ అనుభవంలో తెలుసు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు మూతపడ్డాయి. అందరూ ఊళ్లకు చేరారు. ఆ నలుగురి చర్చ ఫోన్‌లోకి మారింది. అప్పట్లో వాట్సాప్ గ్రూపులో 256 మందికే చోటు. 2022లో అది 1,024కు పెరిగింది. టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది దాకా ఉండొచ్చు. పైగా సరైన జవాబు వెంటనే చూపే క్విజ్ సదుపాయాన్ని అది 2020 జనవరిలోనే తెచ్చింది. దాంతో పోటీ పరీక్షల జనం పెద్దఎత్తున అటు నడిచారు. నలుగురి మధ్య నడిచిన పద్ధతి వేలమంది మధ్య నిలవాలంటే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. అడ్మిన్ అనే మనిషి అవసరం అలా వచ్చింది.

బిట్టు రాయడం ఒక విద్య

గ్రూపుకు ప్రాణం రోజువారీ క్విజ్. పొద్దున ఆరింటికో రాత్రి తొమ్మిదింటికో పది బిట్లు పడతాయి. వాటిని తయారుచేయడం తేలికనుకుంటాం. మంచి బిట్టులో సరైన జవాబుకన్నా తప్పు జవాబులు రాయడమే కష్టం.

ఒక ఉదాహరణ చూద్దాం. రాజ్యాంగంలో 371-డి అధికరణను ఏ సవరణ చేర్చింది? జవాబు 1973 నాటి 32వ సవరణ. మిగతా మూడు ఆప్షన్లుగా 31, 33, 34 పెడితే అది అంకెల ఆట. తప్పుపెట్టినవాడికి ఎందుకు తప్పిందో తెలియదు. పనితనం ఉన్న అడ్మిన్ 7, 13, 36 పెడతాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు వేళ 371ని మార్చింది 7వ సవరణ. నాగాలాండ్ కోసం 371-ఎ తెచ్చింది 13వది. సిక్కిం కోసం 371-ఎఫ్ తెచ్చింది 36వది. ఇప్పుడు ఎవరు ఏది నొక్కారో చూస్తే చాలు, వాళ్ల గందరగోళం ఎక్కడుందో బయటపడుతుంది. 7 నొక్కినవాళ్లు 1956ను, 1973ను కలిపేసుకున్నారు. 36 నొక్కినవాళ్లకు డి, ఎఫ్ తారుమారయ్యాయి. మర్నాటి పాఠం ఏమిటో ఆ పోలే చెబుతుంది.

వివరణ రాయడం ఇంకో పరీక్ష. టెలిగ్రామ్ క్విజ్‌లో వివరణకు 200 క్యారెక్టర్లే ఇస్తారు. తెలుగులో అవి ఇట్టే అయిపోతాయి. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం, యంత్రం లెక్కలో ఆరు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు సంవత్సరం, కారణం, పుస్తకం పేజీ, ఈ మూడింటితో వివరణ ముగిస్తారు. పేజీ నంబరు లేని బిట్టును గ్రూపులోకి వదలకపోవడం మంచి అడ్మిన్ల కట్టుబాటు. తెలుగు అకాడమీ పుస్తకం, పాఠశాల పాఠ్యపుస్తకం, ప్రభుత్వ సామాజిక ఆర్థిక సర్వే, ఏదైనా సరే, ఆధారం కనిపించాలి.

వేసిన బిట్టును మళ్లీ వేయడం కూడా పద్ధతిలో భాగమే. ఎక్కువమంది తప్పిన వాటిని పక్కన పెట్టి మూడు రోజులకోసారి, వారానికోసారి, నెలకోసారి మళ్లీ దించుతారు. దీనికి శాస్త్రం దన్ను ఉంది. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. పుస్తకం ముందు గంటలు గడిపినా పరీక్ష హాల్లో ఏదీ గుర్తురావడం లేదని బాధపడే అభ్యర్థికి రోజూ పది బిట్లు చేసే మేలు ఇదే.

పుకారు ముందు గోడ

అడ్మిన్ సమయాన్ని ఎక్కువగా తినేది పాఠాలు కావు, పుకార్లు. ‘అన్నా, పరీక్ష వాయిదా అంట, నిజమేనా?’ అని ఒక్కరు అడిగితే పది నిమిషాల్లో అదే మాట వంద రూపాల్లో తిరుగుతుంది.

అడిగేవాళ్లను తప్పుపట్టలేం. 2022 అక్టోబరు 16న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. మూడోసారి రాసింది 2024 జూన్ 9న. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చిన గ్రూప్-2 పరీక్ష నాలుగుసార్లు వాయిదాపడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఇన్ని దెబ్బలు తిన్నవాళ్లకు ఏ వార్త అయినా నిజమే అనిపిస్తుంది. వాయిదా మాట వినగానే పుస్తకం మూసేస్తారు. ఆ పూట పోతుంది. పూటలే పోతే ర్యాంకు పోతుంది.

అందుకే గ్రూపుల్లో ఒక నియమం స్థిరపడింది. కమిషన్ వెబ్‌సైట్లో అధికారిక ప్రకటన (వెబ్ నోట్) కనిపించేదాకా ఏ వార్తా వార్త కాదు. ఫోటోగా వచ్చిన ప్రెస్ నోట్‌లో తేదీ, నంబరు, సంతకం చూస్తారు. సైట్లో ఉన్న ప్రతితో పోలుస్తారు. తేలేదాకా చర్చను ఒక్క చోటికి మళ్లించి స్లో మోడ్ పెడతారు. అంటే ఒకరు ఒక మాట రాశాక మళ్లీ రాయడానికి కొన్ని సెకన్ల నుంచి గంట దాకా ఆగాలి. ఆవేశం చల్లారడానికి ఆ వ్యవధి చాలు. పైన పిన్ చేసిన సందేశం క్లుప్తంగా ఉంటుంది: ‘ఇప్పటిదాకా వెబ్ నోట్ రాలేదు. వస్తే మేమే పెడతాం. చదువుకోండి.’ ఇలాంటి మూడు ముక్కలు వేలమంది పూటను కాపాడతాయి.

పరీక్ష వారంలో పని రెట్టింపవుతుంది. ‘పేపర్ ఉంది, డబ్బు పంపండి’ అంటూ కొత్త ఖాతాలు చొరబడతాయి. అడ్మిన్లు వాటిని తొలగించే ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెడతారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు వెంటనే 1930కి ఫోన్ చేయమని చెబుతారు. పరీక్ష నడిచే గంటల్లో కొన్ని గ్రూపులకు పూర్తిగా తాళం వేస్తారు. హాలు నుంచి అభ్యర్థులంతా బయటికి వచ్చేదాకా ఒక్క ప్రశ్న కూడా కనిపించకూడదు. గ్రూపు పరువు ఆ తాళంలోనే ఉంది.

కీ తేల్చే రాత్రి

పరీక్ష అయ్యాక అసలు సందడి మొదలవుతుంది. ప్రశ్నపత్రాలు వేర్వేరు సిరీస్‌లలో ఉంటాయి కాబట్టి ‘37వ బిట్టు’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న. అందుకని ప్రశ్నలోని మొదటి మాటలతోనే దాన్ని పిలవాలని ముందే చెప్పి పెడతారు. ఒక్కో ప్రశ్నకూ ఒక షీటులో మూడు గళ్లు: ప్రశ్న, మన జవాబు, ఆధారం ఉన్న పేజీ. ‘మా సార్ చెప్పారు’ అన్నది మూడో గడిలోకి రాదు.

కమిషన్ ప్రాథమిక కీ విడుదల చేసి అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువిస్తుంది. షీటు ముందే సిద్ధంగా ఉంటే, మారుమూల ఊళ్లో ఒంటరిగా చదివిన అమ్మాయి కూడా పుస్తకం పేజీ జతచేసి తన అభ్యంతరం తానే పంపగలదు. ఒక్క మార్కు వందలమందిని గీతకు అటూ ఇటూ మార్చే పరీక్షల్లో ఇది చిన్న సాయం కాదు. ఒక్కోసారి ఆధారం మన జవాబుకే ఎదురు తిరుగుతుంది. అప్పుడు మార్కు పోయినా ఆ గడిని దిద్దుతారు. గ్రూపు నిజాయితీ తేలేది అప్పుడే.

మనుషులను కాయడం

చదువు మాట్లాడుకునే చోట ఆడపిల్లలు నిశ్శబ్దంగా ఉండిపోతే ఆ గ్రూపు సగం ఖాళీ కిందే లెక్క. తెలియని మగవాళ్ల నుంచి వ్యక్తిగత సందేశాలు వస్తాయన్న భయం వాళ్ల నోరు కట్టేస్తుంది. బాధ్యత తెలిసిన గ్రూపుల్లో చేరగానే ఫోన్ నంబరు ఎవరికీ కనపడకుండా పెట్టుకోవడం నేర్పుతారు. అడగకుండా విడిగా సందేశం పంపినవాళ్లను హెచ్చరించి, వినకపోతే తీసేస్తారు. ఒక్క మహిళ అయినా అడ్మిన్‌గా ఉండేలా చూస్తారు. ‘అక్కా, ఒక మాట చెప్పాలి’ అనడానికి ఒక మనిషి కావాలి కదా.

ఫలితాల రోజు గ్రూపు రెండుగా చీలుతుంది. అభినందనల వరద ఒకవైపు, మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు ఇంకోవైపు. అనుభవం ఉన్న అడ్మిన్లు ఆ రోజు రెండోవాళ్ల మీదే కన్నేస్తారు. ఎవరైనా బతుకు మీద విరక్తితో రాస్తే గ్రూపులో సలహాలు గుప్పించనివ్వరు. ఆ సందేశాన్ని పక్కకు తీసి, నేరుగా ఫోన్ చేసి మాట్లాడతారు. దగ్గరివాళ్లెవరో కనుక్కుంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 అక్కడ ఎప్పుడూ పిన్ అయి ఉంటుంది.

మరో ఒత్తిడి రోజూ ఉంటుంది. ‘ఫలానా సెంటర్ మెటీరియల్ పీడీఎఫ్ పెట్టండి అన్నా’ అని. అడిగేవాడి జేబు ఖాళీ అని అడ్మిన్‌కు తెలుసు, తన జేబూ అంతే. అయినా ఒకరు కష్టపడి రాసి అచ్చువేసుకున్నది అనుమతి లేకుండా పంచితే 1957 కాపీరైట్ చట్టం ఒప్పదు, మనస్సాక్షీ ఒప్పదు. దానికి బదులు ఎన్‌సీఈఆర్‌టీ తన సైట్లో ఉచితంగా ఉంచిన పుస్తకాలకు దారి చూపుతారు. సభ్యులే అధ్యాయానికొకరు చొప్పున సొంత నోట్సు రాసుకునే ఏర్పాటు చేస్తారు. రాసుకున్న నోట్సుకు దొరికే పట్టు, దించుకున్న పీడీఎఫ్‌కు దొరకదు.

అడ్మిన్ చదువు ఏమవుతుంది?

ఇదంతా చేసేవాడి పరీక్ష సంగతి? ఇక్కడ నిజమైన ప్రమాదం ఉంది. ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఇతరుల సందేహాలు తీరుస్తూ తన సిలబస్ వెనకబడుతుంది. దీనికి మంచి గ్రూపులు కనుగొన్న ఉపాయం వంతులు. రోజుకు ఇద్దరు చొప్పున చూస్తారు, మిగతావాళ్లు ఆ రోజు గ్రూపు తెరవరు. పరీక్షకు నెల ముందు బాధ్యతను ఆ పరీక్ష రాయనివాళ్లకు అప్పగిస్తారు. ఉద్యోగం వచ్చి వెళ్లేవారు కొన్ని వారాలుండి కొత్త అడ్మిన్లకు పని నేర్పాకే కదులుతారు. సభ్యులు పెరిగాక ప్రకటనలకు డబ్బిస్తామని వ్యాపారులు వస్తారు. ఒకసారి డబ్బు పుచ్చుకుంటే మర్నాటి సలహాను ఎవరూ నమ్మరని తెలిసినవాళ్లు ఆ వైపు చూడరు.

ఈ పనికి గౌరవం దక్కాలి. జిల్లా గ్రంథాలయాలు ఈ అడ్మిన్లను పిలిచి బిట్లు రాయడం, ఆధారం చూసుకోవడం మీద శిబిరాలు పెట్టవచ్చు. పుకారు పుట్టిన గంటలోపే కమిషన్లు వెబ్‌సైట్లో ఒక్క వాక్యం పెడితే సగం భారం తగ్గుతుంది. సభ్యులుగా మన వంతు ఇంకా తేలిక: రోజుకు ఒక సందేహానికైనా పేజీ నంబరుతో జవాబు రాయాలి, తేలని వార్తను ముందుకు పంపకూడదు.

పోస్టులు కొందరికే వస్తాయి. ఈ గ్రూపులో అబ్బే అలవాటు మాత్రం అందరిదీ. ఎదుటివాడు పోటీదారైనా తెలిసింది చెప్పడం, ఎంత గట్టిగా వినిపించినా ఆధారం లేని మాటను ఆపడం, తన జవాబు తప్పని తేలితే దిద్దుకోవడం. రేపు తహశీల్దారు కుర్చీలోనో బడిలోనో కూర్చునే మనిషికి ఇంతకన్నా మంచి శిక్షణ ఏ సిలబస్‌లోనూ లేదు. దాన్ని జీతం లేకుండా ఇస్తున్నవాళ్లను మన సమాజం గురువుల వరుసలో చేర్చుకోవాలి.